పైడిబాబు హాజరు

చచ్చిపోయి మూడేళ్ళయిన మనిషిని పట్టుకుపోవడానికి ఇద్దరు పోలీసులు మోటారుసైకిలు మీద బారిడీహ్ బస్తీకి వచ్చిన పొద్దున, ఆదిబాబు వీధి కుళాయి పక్కన నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. ఆ కుళాయిలో నీళ్ళు రావు. ఎన్నికల ముందు పాతారు, ఎన్నికలయ్యాక మరిచారు. పక్కన నిలబడి పళ్ళు తోముకోవడానికీ, మేకను కట్టెయ్యడానికీ తప్ప దేనికీ పనికిరాదు.

"పైడిబాబు కౌన్ హై?" అన్నాడు వెనక కూర్చున్న సిపాయి, చేతిలో కాగితం చూసుకుంటూ.

ఎదురింటి గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతున్న జోగమ్మ తల ఎత్తలేదు. "నా మొగుడే. ఏటి కావాల?"

"ఘర్ మే హై?"

"ఉన్నాడు. గోడమీద, దండేసుకుని. లోనకెల్లి సూసుకోండి. మాటాడితే మాత్రం నాకూ ఓ కేకెయ్యండి బావూ, ఆదార్ కార్డు ఎక్కడెట్టేడో అడగాల."

సిపాయికి తెలుగు రాదు కాబట్టి నవ్వలేదు. అర్థం చెబుదామని ఆదిబాబు దగ్గరికెళ్ళాడు. కాగితం మీద కన్ను పడగానే నోట్లో నురగ గడ్డం మీదికి జారింది. అది జిరాక్సు. నలభై పేర్ల జాబితా. చక్కటి, గుండ్రటి, ఆయన సొంత చేతిరాత. ఇరవై మూడో పేరు పైడిబాబు. ఇరవై నాలుగో పేరు మోహిత్, ఆయన సొంత కొడుకు.

"మారామారీ, కొట్లాట కేసు," అన్నాడు సిపాయి. "నలభై మంది ముద్దాయిలు. రక్షా వాహిని వాళ్ళు."

ఆ జాబితా పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుంటే గానీ ఇది తేలదు.

ఆదిబాబు ముప్ఫై ఏళ్ళు కాంట్రాక్టర్ల కింద క్రేను నడిపాడు. క్రేను దిగాక ఆయన చేతికి మిగిలిన మీట పెన్ను ఒక్కటే. దాంతో బస్తీలో అందరి దరఖాస్తులూ ఎత్తి ఆఫీసుల్లో దించేవాడు. ఆ పనితనం చూసే ఆయన్ని అమ్మవారి ఉత్సవ కమిటీకి సెక్రటరీని చేశారు. విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో ఈ ఉక్కు కంపెనీ ఊరికి వచ్చిన ఎనభై ఇళ్ళవాళ్ళు ఏటా ఘటాలు నెత్తిన పెట్టుకుని బస్తీ నుంచి బజారు దాకా ఊరేగుతారు. ఊరేగింపు కదిలే ముందు వాళ్ళకో ఆచారం ఉంది. ఘటం మోసినవాళ్ళు, డప్పు కొట్టినవాళ్ళు, దివిటీ పట్టినవాళ్ళు, ఇన్నేళ్ళలో అమ్మవారికి పనిచేసిన ప్రతి మగాడి పేరూ సెక్రటరీ గట్టిగా పిలవాలి. బతికున్నవాడు "ఉన్నాను" అంటాడు. పోయినవాడి తరఫున ఇంట్లోవాళ్ళు "ఉన్నాడు" అంటారు. పిలవకుండా వదిలేస్తే ఆ మనిషి ఆ ఏడు రెండోసారి పోయినట్టని వాళ్ళ నమ్మకం. పైడిబాబు పాతికేళ్ళు డప్పు కొట్టాడు. అతని పేరు వచ్చినప్పుడు జోగమ్మ గొంతు డప్పు కన్నా గట్టిగా పలుకుతుంది.

కిందటేడు పోలీసు థానాలో పండగల మీటింగు పెట్టారు. నలభై మంది వాలంటీర్ల పేర్లిచ్చే కమిటీకి పెద్ద రోడ్డు, ఇవ్వలేని కమిటీకి వెనక సందు అన్నారు. వెనక సందులో కరెంటు తీగలు తల ఎత్తులో వేలాడతాయి. ఘటం నెత్తిన పెట్టుకుని అటు వెళ్ళడమంటే అమ్మవారి దగ్గరికి అడ్డదారిన వెళ్ళడమే. నికరంగా లెక్కేస్తే వాలంటీర్లు పదకొండు మంది. ఆదిబాబు ఇంటికొచ్చి, పిలుపుల పుస్తకం ముందు పెట్టుకుని, వరసగా నలభై పేర్లు దించేశాడు. సూరత్‌లో ఉన్నవాణ్ణి రాశాడు, మోకాళ్ళు పోయినవాణ్ణి రాశాడు, పైడిబాబునూ రాశాడు. దొంగ జాబితా రాస్తున్నానని ఆయనకి తోచనే లేదు. అమ్మవారి ముందు ఉన్నవాడు థానాలో మాత్రం ఎందుకు ఉండడు? కింద "సెక్రటరీ" అని సంతకం చేశాడు. అంచేత నలభైలో ఆయన పేరు లేదు. రాసినవాడు ఎప్పుడూ జాబితాలో ఉండడు, జాబితా కింద ఉంటాడు.

పెద్ద రోడ్డు వచ్చింది. పండగ బ్రహ్మాండంగా జరిగింది. కానీ ఆ రోజు థానా వరండాలో రాజ్‌కిరణ్ కూడా ఉన్నాడు. బస్తీలో పుట్టిన కుర్రాడే. క్యారంబోర్డు దగ్గర పెరిగి, ఇప్పుడు భయ్యాజీ దగ్గర కుడిచెయ్యి అయ్యాడు. భయ్యాజీ అంటే తుక్కు ఇనుము కాంట్రాక్టరు. తుక్కులో ఎదిగి టికెట్టు మీద కన్నేసినవాడు. ఏ పార్టీ టికెట్టు అనే పట్టింపు లేదు. ఇచ్చేది ఏ పార్టీ అయితే అది.

"నలభై మందా మావా!" అన్నాడు రాజ్‌కిరణ్, ఫోనుతో జాబితా ఫోటో తీస్తూ. "మన తెలుగోల్లకి ఇంత బలగం ఉన్నాదని నాకు తెల్దే!"

ఆదిబాబు మీసం మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. "నాను పిలిస్తే నలభై మందీ వత్తారు. రానోడు లేడు."

నేతకు చేతలతో పనిలేదు, చేతులతో పని. ఎన్ని చేతులున్నాయో పైవాళ్ళకు చూపిస్తే టికెట్టు. మర్నాటికల్లా ఆ ఫోటో భయ్యాజీ టేబుల్ మీద ఉంది. వారం తిరిగేసరికి బస్తీకి రోజూ నీళ్ళ ట్యాంకరు రావడం మొదలెట్టింది.

ఇక్కడ నీళ్ళ సంగతి చెప్పాలి. కంపెనీ క్వార్టర్ల గోడ దాకా నీళ్ళు ఇరవై నాలుగు గంటలూ వస్తాయి. గోడ ఇవతల బస్తీకి భూమి కాగితాలు లేవు, కాబట్టి పైపు లేదు. పైపు లేదు కాబట్టి ఊరి పటంలో లేదు. పటంలో లేనిచోట దొంగతనం జరిగినా పోలీసు రాడు, తగాదా వచ్చినా రాడు. వారానికి రెండుసార్లు వచ్చే సర్కారీ ట్యాంకరు దగ్గర బిందెలు గుద్దుకుని ఆడవాళ్ళ తలలు పగిలేవి. భయ్యాజీ ట్యాంకరు రోజూ వచ్చింది. దాని పొట్టమీద "బారిడీహ్ రక్షా వాహిని" అని కాషాయం రంగుతో రాసుంది. భయ్యాజీ కొత్తగా పెట్టిన ఆ వాహినికి అప్పటికున్న వాహనం అదొక్కటే.

ఒక్కటే షరతు: లైను సరిగ్గా ఉండాలి, లైనుకి నలుగురు మనుషులుండాలి. రాజ్‌కిరణ్ నాలుగు ఈలలిచ్చాడు. ఈల వేస్తే గోల తగ్గింది. నెల పోయాక, ఈలతో మాట వినని పక్క బస్తీవాళ్ళ కోసం నాలుగు కర్రలిచ్చాడు. పంద్రాగస్టుకి నలభై జాకెట్లు, నలభై ఫోటో కార్డులు వచ్చాయి. కమిటీ పెట్టెలో ఆధార్ జిరాక్సులున్నాయి కదా, ఫోటోలు వాటిలోంచే తీశారు. పైడిబాబు కార్డు కూడా వచ్చింది. జోగమ్మ దాన్ని దండ పక్కనే మేకుకు తగిలించింది, కలర్ ఫోటో కదా అని. జాకెట్టు మాత్రం వద్దని ఆఫీసుకే పంపేసింది.

మొన్న జనవరిలో భయ్యాజీకీ ఇంకో కాంట్రాక్టరుకీ తుక్కు యార్డు దగ్గర తేడా వచ్చింది. "ఊరికే నిలబడాలంతే," అని చెప్పి బస్తీ నుంచి ఏడుగురిని జాకెట్లతో జీపెక్కించారు. ఊరికే నిలబడ్డ ఆ ఏడుగురి మధ్య అవతలి వాచ్‌మన్ చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఫిర్యాదులో "వాహిని సభ్యులు" అని రాశారు. సభ్యులెవరని పోలీసులు తడుముకోనక్కర్లేకపోయింది. నలభై పేర్లూ నీటుగా, గుండ్రంగా, వాళ్ళ ఫైల్లోనే ఉన్నాయి.

సరే, మళ్ళీ కుళాయి దగ్గరికొద్దాం. పోలీసులు వెళ్తూ జోగమ్మతో చెప్పిందేమిటంటే, పైడిబాబు పదిహేను రోజుల్లో హాజరు కాకపోతే పరారీలో ఉన్నట్టు రాసి నోటీసు అంటిస్తారు, ఆ తర్వాత కుర్కీ చేస్తారు. కుర్కీ అంటే ఇంటి తలుపులు, కిటికీలు కూడా ఊడబెరికి పట్టుకుపోవడం. మనిషి పరారీలో లేడు, పరలోకంలో ఉన్నాడు. కానీ అలా అని చెప్పే కాగితం జోగమ్మ దగ్గర లేదు. ఊరెళ్ళినప్పుడు అక్కడే పోయాడు, అక్కడే కాల్చేశారు, సర్టిఫికెట్టు మాట ఎవరికీ తట్టలేదు.

ఆదిబాబుకి అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో కాచుకునుంది. మోహిత్ ఐటీఐలో వెల్డింగు నేర్చి, రెండేళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి కంపెనీ లోపల కాంట్రాక్టు పని సంపాదించాడు. వైద్య పరీక్ష అయింది. పై సోమవారం సేఫ్టీ ట్రైనింగు. గేటుపాసు చేతికి రావాలంటే పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. కేసులో పేరుంటే వెరిఫికేషన్ లేదు, వెరిఫికేషన్ లేకపోతే గేటుపాసు లేదు. సోమవారం తప్పితే ఆ చోటుకి వెనక ఎనిమిది మంది నిలబడి ఉన్నారు.

"కేసా? మేరా నామ్?" అన్నాడు మోహిత్. కుర్రాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలోనే వస్తుంది. "మై తో గయా భీ నహీ థా, పాపా. నామ్ కిస్‌నే దియా?"

వాడు యార్డుకి వెళ్ళనైనా లేదు, నిజమే. పేరెవరిచ్చారని అడిగేసరికి ఆదిబాబు చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టాడు.

ఆయన భార్య చిలకమ్మ పొయ్యి దగ్గర్నుంచే అంది: "ఎవులిత్తారు? మీ నానే. పెద్ద రోడ్డు కావాల, మీసం తిప్పాల. సచ్చినోన్ని సిపాయిని సేసినాడు, కన్నకొడుకుని కైదీని సేసినాడు. ఇంక నన్నేటి సేత్తాడో!"

"కొట్టిస్తానే. పేరే కదా. రాసినోడికి కొట్టడం రాదేటి?"

థానాలో పెద్ద అధికారిని అందరూ బడాబాబు అంటారు. ఇంటి గోడమీద పైడిబాబు, ఇక్కడ కుర్చీలో బడాబాబు, మధ్యలో చేతులు కట్టుకుని ఆదిబాబు. ముగ్గురు బాబుల్లో నోరు తెరవాల్సింది ఈయనే. జరిగిందంతా చెప్పాడు, పిలుపుల ఆచారంతో సహా. బడాబాబు మంచివాడే, టీ ఇప్పించాడు.

"అంటే కిందటేడు నువ్విచ్చిన జాబితా అబద్ధం."

"అబద్ధం కాదు సార్. ఆచారం."

"చూడు. అబద్ధమని రాసిస్తే, థానాని మోసం చేశావని ముందు నీ మీద కేసు పెట్టాలి. మీ కమిటీకి ఇక ఊరేగింపు ఉండదు. అప్పుడైనా మిగతావాళ్ళ పేర్లు పోతాయా అంటే, పోవు. ఆ నలభై మందికీ వాహిని కార్డులున్నాయి, ఫోటోలున్నాయి. నీ చేతిరాత వల్ల కాదు, ఆ కార్డుల వల్ల వాళ్ళు ముద్దాయిలు." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఫలానావాడు మా మనిషి కాదని వాహిని లెటర్‌హెడ్ మీద రాయించి తీసుకురా. ఆ పూటే కొట్టేస్తాను."

"అదేటి సార్. వాళ్ళ మీద కేసు, వాళ్ళనే అడగాలా?"

"మరి ఎవరు వాళ్ళ మనిషో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు బడాబాబు. నిజంగానే అడిగాడు.

ఒక్కడే వెళ్తే లాభం లేదు, అందరి సంతకాలూ పట్టుకెళ్తే రాజ్‌కిరణ్ కాదనలేడని ఆదిబాబు లెక్క. దరఖాస్తు తనే రాశాడు: "మేము రక్షా వాహిని సభ్యులం కాము, మా అనుమతి లేకుండా మా పేర్లు చేర్చబడినవి." మర్నాడు పొద్దున్నే ఇల్లిల్లూ ఎక్కాడు.

మొదట చినబాబు. ఆటో నడుపుతాడు. ఆటో ముందద్దం మీద వాహిని స్టిక్కరు మెరుస్తోంది.

"కేసులో నా పేరున్నాదని తెల్సు మావా. ఉండనీ."

"ఉండనీయేట్రా! ముద్దాయివిరా నువ్వు!"

"ఒరిజినల్‌గా సెప్పనా? పన్నెండేల్లు ఆటో తోల్తన్నాను. స్టాండులో నాకు చోటుండేది కాదు. బిహారోలు కొట్టీవోరు, లోకలోలు తిట్టీవోరు, ట్రాఫిక్కోడు రెండూ సేసీవోడు. ఇప్పుడు స్టిక్కరు సూసి దండమెడతన్నారు. కేసంటావా, నలభై మందిమి ఉన్నాం. ఒంటరోడికి కేసు బయ్యం, మందకేటి?"

"ఆ వాచ్‌మన్ చెయ్యి..."

చినబాబు అద్దం తుడవడం మొదలెట్టాడు. "నాను కొట్టలేదు. ఎవుడు కొట్టేడో నాను సూళ్ళేదు." తుడిచిందే తుడుస్తూ, "ఆడు ఒడియావోడు. మంచోడే. నా ఆటోలో ఎక్కీవోడు," అన్నాడు.

నూకమ్మ ఇంట్లో మగాడే లేడు. మొగుడు సూరత్‌లో ఉన్నాడు. జాకెట్టు మాత్రం వీధి తలుపుకి, దారినపోయేవాళ్ళకి కనబడేలా వేలాడుతోంది.

"సంతకమెట్టను బాబాయ్. ఈ గోడకి ఎర్రరంగు గుర్తెట్టినారు గుర్తున్నాదా, ఇల్లు పడగొడతామని? ఈ జాకెట్టు తగిలించాక మల్ల రాలేదు. ఊరికి మొగుడెల్లినా జాకెట్టు కాపలా కాత్తన్నాది. మొగుడికన్నా అదే నయం, తాగి రాదు."

ఇలా ముప్ఫై ఇళ్ళు. మోకాళ్ళు పోయిన వెంకటరావు గారైతే, జాకెట్టు వేసుకున్నాక ఆసుపత్రిలో కుర్చీ చూపించారని చెప్పి, కుర్చీ కథ రెండుసార్లు వినిపించారు. ఎవరూ తిట్టలేదు. అందరూ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు, భయ్యాజీ ట్యాంకరు నీళ్ళే. ఇంతకాలం తను ఉత్తుత్తి సైన్యం రాశాననుకున్నాడు ఆదిబాబు. సైన్యం ఎప్పుడో నిజమైపోయింది. అది తెలియని వాడు రాసిన వాడొక్కడే. మధ్యాహ్నానికి దరఖాస్తు మీద పడ్డది ఒక్క వేలిముద్ర. జోగమ్మది, పైడిబాబు తరఫున.

"నా తలుపులు ఊడబీక్కెల్తే ఈ సలికి సచ్చిపోతాను అన్నియ్యా," అందామె. "ఆయన్ని పండక్కి పిల్సుకోండి, ఎన్నిసార్లయినా ఉన్నాడంటాను. కర్ర పట్టుకోడానికి మాత్రం లేడని సెప్పు."

ఆ కాగితం జేబులో పెట్టుకుని, కొడుకు పేరుతో ఇంకోటి రాసి దాని పక్కన పెట్టుకుని, ఆదివారం పదింటికి ఆదిబాబు వాహిని ఆఫీసుకి వెళ్ళాడు. ఒకప్పటి క్యారంబోర్డు క్లబ్బే అది. రంగు వేశారు. ముందు పెద్ద లైనుంది. ట్యాంకరు లైను కన్నా పొడుగు, దానికన్నా నిటారు.

ఆఫీసువైపు తిన్నగా నడవబోతే ఈల వినబడింది.

"పాపా, లైన్ సే."

మోహిత్. ఒంటిమీద జాకెట్టు. మెడలో ఒకే తాడుకి రెండు కార్డులు: ముందు వాహినిది, వెనక కంపెనీ గేటుపాసు.

"ఎప్పుడొచ్చిందిరా ఇది?"

"శనివార్ కో. రాజ్‌కిరణ్ భయ్యా నే ఏక్ ఫోన్ కియా. బస్." కుర్రాడు చూపు పక్కకి తిప్పుకున్నాడు. "సిర్ఫ్ సండే కో ఆనా హై. తీన్ ఘంటే."

"ఆదివారం మూడు గంటలు," అన్నాడు ఆదిబాబు. ఇంకేమీ తోచక లైనులో నిలబడ్డాడు. ఆయన ముందు ఎక్కువమంది పక్క బస్తీవాళ్ళు. ఏడాది కిందట బిందె కోసం వీళ్ళతోనే కొట్టుకున్నది. పేర్లు రాయించుకోవడానికి వచ్చారు. ఎవరూ పిలవకుండానే వచ్చారు.

గంటకి ఆయన వంతు వచ్చింది. రాజ్‌కిరణ్ లేచి కుర్చీ వేశాడు.

"మావా! నువ్వు లైన్లో నిలబడ్డమేటి?"

"నీ వాలంటీరు నిలబెట్టేడు." ఆదిబాబు జేబులో చెయ్యి పెట్టాడు. "పేరు కొట్టించాల."

"కొట్టేద్దాం. కానీ మావా, నలభై అని పైకి లెక్కెల్లిపోనాది. ముప్ఫై తొమ్మిదంటే భయ్యాజీ పరువు పోతాది. మీ బస్తీ కోటాలో ఒకడు ఎల్తే ఒకడు రావాల."

"బయట ఇంత లైనుంది కదరా."

"అది ఆల్ల బస్తీ లెక్క. తెలుగోల్లది తెలుగోల్లదే." రాజ్‌కిరణ్ పెన్ను తీశాడు. "ఎవులి పేరు?"

నలభైకి బయట ఉన్నవాణ్ణి ఇంకొకణ్ణి అడక్కుండా రాయించే తప్పు ఆదిబాబు మళ్ళీ చెయ్యలేడు. ఇక మిగిలింది, కాగితం కింద సంతకం పెట్టినవాడు ఒక్కడే. ఉన్న మనిషి ఒకడు, జేబులో కాగితాలు రెండు. ఆయన తలుపువైపు చూశాడు. మోహిత్ ఎండలో నిలబడి ఇటే చూస్తున్నాడు. మెడలోని గేటుపాసుని గుండెకి అదుముకుని, మెల్లిగా, వద్దన్నట్టు తలూపాడు. ఒక్క ఫోనుతో వచ్చింది ఒక్క ఫోనుతో పోతుందని ఆ కుర్రాడికి తెలుసు. ఆదిబాబుకీ తెలుసు.

"పైడిబాబుది," అన్నాడు ఆదిబాబు. వేలిముద్ర ఉన్న కాగితం బల్ల మీద పెట్టాడు. రెండోది జేబులోనే ఉండిపోయింది. "అతని జాగాలో నన్ను రాసుకో. లెటర్‌హెడ్ మీద కాయితం ఇప్పుడే కావాల. జోగమ్మ తలుపులు పోతాయి."

"నువ్వు జాయినవుతన్నావా మావా?" రాజ్‌కిరణ్ మొహం వెలిగిపోయింది. కాగితం అక్కడికక్కడే టైపు చేయించి, ముద్ర గుద్ది చేతిలో పెట్టాడు. మడత విప్పని జాకెట్టు ఒకటి తెచ్చాడు. "ఇది ఆయనదే, అలాగే ఉండిపోనాది. కొత్త కార్డు వచ్చీదాకా దీంతో లాగించీ."

పైడిబాబు పొడుగ్గా ఉండేవాడు. ఆదిబాబు తొడుక్కుంటే జాకెట్టు చేతులు రెండంగుళాలు దిగాయి.

పదకొండున్నరకి అందరినీ వరసగా నిలబెట్టారు. హాజరు పిలిచే పని ఆ రోజు మోహిత్‌ది. చేతిలో పాత జాబితానే ఉంది, ఇంకా ఎవరూ దిద్దలేదు. తండ్రి చేతిరాత చదవడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే. చినబాబు ఉన్నాను అన్నాడు. వెంకటరావు గారు కుర్చీలోంచి ఉన్నాను అన్నారు. ఇరవై మూడో పేరు దగ్గరికొచ్చేసరికి మోహిత్ గొంతు కొంచెం తగ్గింది.

"పైడిబాబు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మోహిత్ తలెత్తి చూశాడు. ఆదిబాబు జాకెట్టు చేతులు పైకి మడుచుకున్నాడు.

"ఉన్నాడు," అన్నాడు.

మోహిత్ టిక్కు పెట్టి, తరవాతి పేరు, తన పేరు, తనే చదువుకున్నాడు.